ఒంటరిగా చేసిన మొదటి ముఖం

మా నాయన పెట్టిన షరతు ఒక్కటే. "ఒక్క మొగం చెడిపోయిందని ఒక్క మాట నా చెవిన పడిందంటే, ఆ పొద్దుకే నువ్వు ఇంటికొచ్చి మగ్గంలో కూచోవల్ల. ఇంగ మళ్ళా అనంతపురం పేరు ఎత్తగూడదు." ఆ మాట అన్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని, తెగిన పోగు కోసం వెతుక్కుంటూ అన్నాడు. నేను సరేనన్నాను. పద్దెనిమిదేళ్ళ వయసులో కావలసింది దొరుకుతుందంటే దేనికైనా సరే అంటాం.

మాది ధర్మవరం. పట్టుచీరలు నేసే ఇల్లు. నడింట్లో మగ్గం, దాని చుట్టూ మిగిలిన చోట్లో మేము. పదో తరగతి అయిపోయాక నా పని పోగులు అతకడం. పాత పడుగు అయిపోయే చోట కొత్త పడుగును ఒక్కో పోగుగా వేళ్ళతో మెలిపెట్టి కలపాలి. ఎనభైల మొదట్లో ఒక రోజు అనంతపురం నుంచి ఒకావిడ చీర చూడ్డానికి మా ఇంటికి వచ్చింది. వచ్చి, చీర సంగతి మరిచిపోయి నా వేళ్ళనే చూస్తూ కూర్చుంది. ఆమె బెంగళూరులో చర్మాన్ని బాగుచేసే పని నేర్చుకుని, పెళ్ళయి అనంతపురం వచ్చి, టవర్‌క్లాక్ దగ్గర తన ఇంటి ముందు గదిలోనే పార్లరు పెట్టుకున్న మనిషి. ఊళ్ళో అందరూ ఆమెను మేడమ్ అనేవారు. "ఈ పాప వేళ్ళు నాకియ్యండి, పని నేర్పిస్తా" అంది మా అమ్మతో.

నాయనకు ఒళ్ళు మండింది. పోగు పట్టుకోవలసిన చేత్తో పరాయి వాళ్ళ ముఖాలు పట్టుకోవడమేమిటన్నాడు. దానికి తోడు మా ఎదురింటాయన ఒకడు. ఆయనా నేతపనే, నోటికి మాత్రం తీరిక ఎక్కువ. నలుగురిలో నాయన్ను పట్టుకుని, "ఏమప్పా, నీ బిడ్డ గడ్డాలు గూడా గీస్తాదా? గీసేపనైతే ఆదివారం నాకు పెట్టు" అన్నాడు. అందరూ నవ్వారు. నాయనకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి వీధిలో ఎవరైనా నా గురించి అడిగితే మాట తప్పించి లోపలికి వచ్చేసేవాడు. చివరికి అమ్మే ఆయనతో, "దానికి చేతనైన పని దాన్ని చేసుకోనీ. చెడిపోతే అప్పుడు చూద్దాం" అంది. ఆ 'చెడిపోతే' అన్న మాటను పట్టుకుని నాయన తన షరతు తయారుచేశాడు.

పార్లరంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక అద్దం, రెండు కుర్చీలు, ఒక పరదా. ఊళ్ళో కొళాయి రోజూ వచ్చేది కాదు కాబట్టి ఒక ముఖానికి ఒక చెంబు నీళ్ళు, అంతే. "నీళ్ళు పోసి ఎవరైనా కడుగుతారు, దూదితో కడగడం నేర్చుకో" అనేది మేడమ్. మొదట్లో నెలల తరబడి నన్ను ముఖమే ముట్టనివ్వలేదు. పండిన దోసకాయ చేతికిచ్చి, దాని మీద వెన్నెపూస రాసి, వేళ్ళు కిందినుంచి పైకి పోనిమ్మనేది. సాయంత్రానికి దోసకాయ మీద గోటి గీత కనబడితే మర్నాడు మళ్ళీ దోసకాయే. ఒకరోజు విసుగు పుట్టి దాన్ని కోసి పప్పులో వేసేశాను. మేడమ్ ఆ పప్పు తిని, బాగుందని మెచ్చుకుని, మర్నాడు రెండు దోసకాయలు తెచ్చింది.

దారంతో కనుబొమలు తీర్చడం మాత్రం నాకు నేర్పవలసిన పని పడలేదు. దారం నా మాట వింటుంది. కష్టమల్లా చర్మంతోనే. మా సీమలో వేడిగాలికి, దుమ్ముకు, ఉప్పునీళ్ళకు చర్మం ఎండిపోయి పెళుసుగా ఉంటుంది. మందు ఏ మాత్రం ఎక్కువైనా తిరగబడుతుంది. మేడమ్ నా కళ్ళల్లో కళ్ళు పెట్టి ఒక పాఠం చెప్పింది. "మొగం ఎర్రబడితే బెదురుకోవద్దు. చెయ్యి తిప్పి, వెనక పక్క ఆనించి చూడు, వేడి ఉండాదా అని. తర్వాత వేలితో ఒత్తి తియ్యి. ఒత్తిన చోట తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే అది చర్మం కింద నెత్తురు. చర్మం నొచ్చుకుందని లెక్క. అప్పుడు డాక్టరు దగ్గరికే." నేను తలూపాను. అది ఎప్పటికైనా పనికొస్తుందని అనుకోలేదు.

అన్నిటికన్నా భయపడాల్సింది బ్లీచు. తెల్లటి పొడి, ఒక సీసాలో మందునీళ్ళు, ఇంకో చిన్న సీసాలో చుక్కలు. ఆ చుక్కల ఘాటుకు ముక్కు పగిలిపోయేది. మూడూ కలిపి రాస్తే ముఖం మీది నూగు వెంట్రుకలు రంగు పోయి కనబడకుండా పోతాయి. మోచేతి మడతలో ముందుగా రాసి, మర్నాటిదాకా చూడకుండా ఎవరి ముఖానికీ పెట్టకూడదని మేడమ్ కట్టుబాటు. ఏడాది దాటాక గాని ఆ సీసాలు నా చేతికి ఇవ్వలేదు.

ఆ సమయంలోనే రాప్తాడు అవతలి పల్లె నుంచి ఒక పెళ్ళికూతురు వచ్చింది. భూములున్న ఇల్లు. తండ్రి చిన్నప్పుడే పోతే చిన్నాయన పెంచాడు. ఆ చిన్నాయన రాజకీయాల్లో తిరిగే మనిషి, ఆయన పేరెత్తితే చుట్టుపక్కల పల్లెల్లో గొంతులు తగ్గేవి. ఆ అమ్మాయికి పై పెదవి మీద, చెంపల పక్కన నల్లని నూగు. మోచేతి దగ్గర బ్లీచు రాసి పంపాం. మర్నాడు మళ్ళీ వచ్చింది. చర్మం చక్కగా ఉంది. పెళ్ళికి ముందురోజు ఇంటికే వచ్చి చేస్తామని మేడమ్ మాటిచ్చింది.

తీరా ఆ సమయానికి మేడమ్ తల్లికి బాగాలేదని బెంగళూరు నుంచి కబురు. ఆమె బట్టలు సర్దుకుంటూనే నా చేతిలో పెట్టె పెట్టింది. "నువ్వు పో. నేను చేసినట్టే చెయ్యి. సొంత తెలివి ఒద్దు" అంది. నాకు సంతోషమూ భయమూ రెండూ ఒకేసారి వచ్చాయి. మేడమ్ పక్కన లేకుండా నేను చేయబోయే మొదటి ముఖం అది. అది బాగుంటే మేడమ్ నన్ను నమ్ముతుంది. బాగాలేకపోతే మా నాయన మగ్గం కాచుకుని ఉంది.

మర్నాడు పొద్దున్నే రాప్తాడులో బస్సు దిగితే వాళ్ళ జీపు వచ్చి తీసుకుపోయింది. ఇంటి ముందు నీళ్ళ డ్రమ్ములు వరుసగా పెట్టి, ఒక మనిషిని కాపలా ఉంచారు. ఆ ఏడాది బావులన్నీ అడుగంటిపోయాయి. పెళ్ళి మర్నాడు పది గంటలకు. మగపెళ్ళివారు ఆ సాయంత్రం దిగుతారు, పెళ్ళికొడుకు అక్క మధ్యాహ్నానికే ముందుగా వస్తుంది. అంతా నాకు పెళ్ళికూతురి తల్లి చెప్పింది. చెప్పి, "బిరీన కానీ పాపా, ఆ ఆడబిడ్డ కండ్లు శానా చెడ్డవంట" అంది.

పెళ్ళికూతుర్ని ఒక గదిలో పీట మీద కూర్చోబెట్టారు. జుట్టు గుడ్డతో కట్టి, వాళ్ళింటి తువ్వాలు ఒకటి భుజాల చుట్టూ కప్పాను. ముఖం అప్పుడే కడుక్కున్నట్టు శుభ్రంగా ఉంది. అయినా పద్ధతి ప్రకారం దూది పాలల్లో ముంచి తుడిచాను. దూదికి కాస్త పసుపు రంగు అంటింది. పెళ్ళికూతురి ముఖానికి పసుపు అంటకపోతే ఇంకేమంటుతుంది అనుకున్నాను. పసుపు వల్ల మన దేశంలో ఏ ఆడదాని ముఖమైనా చెడిందా? పొడి, మందునీళ్ళు, చుక్కలు కలిపి, చల్లగా, పలుచగా రాశాను.

కొంచెంసేపు అయ్యాక, "చురచురమంటాంది" అంది ఆ అమ్మాయి.

"అంతేలే, రవంత ఓర్చుకో" అన్నాను. మేడమ్ కూడా అలాగే అనేది.

ఇంతలో చెవి పక్కన చూశాను. తెల్లగా ఉండాల్సిన క్రీము నారింజ రంగుకు తిరుగుతోంది. మరో చెవి పక్కన కూడా అంతే. గబగబా దూదితో తుడిచాను. క్రీము కింద చర్మం పండుమిరపకాయలా ఉంది. నుదురు, చెంపలు, గడ్డం, మెడ మొదలు, అంతా. తల్లి గుమ్మంలోంచి చూసి చేతిలో పళ్ళెం వదిలేసింది.

ఆమె నన్ను పక్కకు తోసేసి, ఒంటిసబ్బు తెచ్చి, కూతురి ముఖం రుద్దడం మొదలుపెట్టింది. రుద్దేకొద్దీ ఎరుపు ఎక్కువైంది గాని తగ్గలేదు. అప్పుడు ఆమె నేల మీద కూలబడి నుదురు కొట్టుకుంది. "నా బిడ్డ మొగం కాల్చేసినావు గదమ్మే. తండ్రి లేని బిడ్డ. రేపు పీటల మీద ఎట్ల కూచోబెట్టేది?" పెళ్ళికూతురు మాత్రం ఏడవలేదు. తల్లినీ నన్నూ మార్చి మార్చి చూస్తూ, చెంప మీద చెయ్యి పెట్టుకోవడానికి భయపడి, చెయ్యి గాలిలోనే ఉంచింది.

చిన్నాయన గుమ్మంలోకి వచ్చాడు. అన్న కూతురి ముఖం చూశాడు, నన్ను చూశాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

"ఎవరి బిడ్డవు నువ్వు?"

చెప్పాను. ఏ ఊరు, ఏ వీధి, నాయన ఏం చేస్తాడు, అన్నీ అడిగాడు. అన్నిటికీ చెప్పాను. ఆయన వెనక్కి తిరిగి ఎవరితోనో, "జీపు తీసకపోండి. వాళ్ళ నాయన్ను పిల్చకరాండి" అన్నాడు. తర్వాత ఆడవాళ్ళతో, "ఈ మాట ఈ గది దాటగూడదు. ఆ ఆడబిడ్డ వచ్చేలోగా ఏం చేసేది చూద్దాం. ఈ పాపను యాడికీ పోనియ్యద్దండి" అని వెళ్ళిపోయాడు. బయట గొళ్ళెం పడింది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. కొడతారేమోనన్న భయం కాదు అది. ఒక్క మాట చెవిన పడితే చాలు అన్నాడు మా నాయన. ఇక్కడ మాట కాదు, మనిషినే జీపెక్కించి తెస్తున్నారు, ఇద్దరు మనుషుల మధ్య కూర్చోబెట్టి, మా వీధి వీధంతా చూస్తుండగా. ఈ పని నాకు ఇక అయిపోయినట్టే. జన్మంతా పోగులే.

గదిలో మేము ముగ్గురం మిగిలాం. పెళ్ళికూతురు, ఒక మూల కుక్కిమంచం మీద కూర్చున్న వాళ్ళ అవ్వ, నేను. అవ్వ అప్పటిదాకా ఒక్క మాట అనలేదు.

"అద్దమియ్యి" అంది పెళ్ళికూతురు.

"ఇయ్యను."

"అయితే నిజం చెప్పు. ఇది పోతాదా, ఉంటాదా?"

నాకు తెలిస్తే కదా చెప్పడానికి. ఆమె వైపు చూడలేక చేతులు చూసుకున్నాను. అప్పుడు మేడమ్ చెప్పింది గుర్తొచ్చింది. చెయ్యి తిప్పి ఆమె చెంపకు ఆనించాను. చల్లగా ఉంది. అంత ఎరుపుకు చర్మం కాలుతూ ఉండాలి, ఈ చెంప మామూలుగా ఉంది. వేలితో ఒత్తి తీశాను. తెల్లబడలేదు. నుదుటి మీద ఒత్తాను, గడ్డం మీద ఒత్తాను. వేలు తీసిన చోట అదే ఎరుపు, రవ్వంత కూడా మారలేదు. నెత్తురైతే పక్కకు పోవాలి గదా, ఇదేమిటి కదలదు అనుకున్నాను.

"మంటుండాదా?"

"ఇప్పుడు ఏమీ లేదు" అంది.

ఆమె భుజాల మీది తువ్వాలు సర్దబోయి ఆగిపోయాను. దాని అంచున పసుపు మరకలు ఉన్నాయి, నలుగు పెట్టిన ఇళ్ళల్లో ఏ తువ్వాలుకైనా ఉంటాయి. ఒక మరక మీద నా బ్లీచు చుక్క రాలింది. ఆ చుక్క పడినంత మేర మరక ఎర్రగా మారింది. సరిగ్గా ఆమె చెంప రంగే. పక్కనే తెల్ల గుడ్డ మీద పడిన చుక్క తెల్లగానే ఉంది. తువ్వాలుకు చర్మం లేదు, నెత్తురు లేదు. దానికి కాలడం తెలియదు.

నేను అవ్వ వైపు తిరిగాను. "అవ్వా, పొద్దున నలుగు పెట్టినారా?"

ఆమె మొండిగా చెప్పింది. "పెండ్లికూతుర్ని చేసినాక నడమ నలుగు ఆపుతారా యాడన్నా? నువ్వొస్తావని కోడలు ఒద్దనింది. అందుకే అందరూ లేవకముందే నేనే పెట్టి కడిగించినా. అది నీకేం అడ్డమొచ్చె?"

"దిష్టికి ఎర్రనీళ్ళు ఎట్ల చేస్తారవ్వా?"

"ఎట్ల చేసేదేముంది? పసుపులో సున్నం..." అని ఆగిపోయింది. తన మనవరాలి ముఖం వైపు చూసింది. ఆ ఇంట్లో ఎన్ని పళ్ళేల ఎర్రనీళ్ళు ఆ చేతులతో కలిపి ఉంటుందో. నేనూ చిన్నప్పటి నుంచి కలుపుతూనే ఉన్నాను. అయినా ముఖం మీద చూసేసరికి ఇద్దరికీ తట్టలేదు. మేడమ్ దగ్గరికి వచ్చే పెళ్ళికూతుళ్ళందరూ నలుగు మొదలుకాకముందే వచ్చి పోయేవారు. అందుకే పసుపు సంగతి ఆమె నాకెప్పుడూ చెప్పలేదు. ఆమెకూ తెలిసి ఉండదు.

"ఈ చుక్కల్లో సున్నం గుణమే ఉండాదవ్వా. సబ్బులో గూడా అదే. ఇది కాలింది కాదు, రంగు. పారాణి మరకకు పులుపు రుద్దుతాం గదా, అట్లనే పోతాది. పుల్లమజ్జిగ తెప్పించు" అన్నాను.

అవ్వ లేచి వచ్చి పెళ్ళికూతురికీ నాకూ మధ్య నిలబడింది. "నోటితో చెప్తే కాదు. ఈ బిడ్డ మొగానికి ఇంగ నీ చెయ్యి తాకనియ్యను. నీకంత నమ్మకముంటే ముందు నీ మొగానికి చేసుకో."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇట్ల తే ఆ పసుపు" అన్నాను. గూట్లో ఉన్న గిన్నె తీసుకుని కుడి చెంపంతా పసుపు పట్టించి, తుడిచి, మిగిలిన బ్లీచు దాని మీద మెత్తాను. చురచురమంది. నేననుకున్నది తప్పయితే రెండు ముఖాలు పోతాయి. కాసేపాగి తుడిచి, ఎర్రబడిన చెంప అవ్వకు చూపించాను. ఆమె దగ్గరికి వచ్చి, నా చెంప మీద గోటితో గీకి, తన గోరు చూసుకుంది.

ఇక కావలసింది మజ్జిగ. తలుపు కొట్టాం. తియ్యలేదు. కిటికీలోంచి అవ్వ కోడల్ని పిలిచింది. పలికేవాళ్ళు లేరు. ఎందుకంటే అప్పటికే పెళ్ళికొడుకు అక్క దిగింది. నడింట్లో ఆమె గొంతు వినబడుతోంది. "యాడమ్మా మా మరదలు? చూసిపోదామని వస్తిని" అంటోంది. తల్లి తడబడుతూ, "తలకు పోసుకుంటాందమ్మా, కాఫీ తాగు" అంటోంది. పెళ్ళికూతురు నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆ తలుపు ఎవరు తీస్తారో తెలియక ముగ్గురం దాని వైపే చూస్తూ నిలబడ్డాం. నా చెంప మీద చెమట కారుతోంది. తుడుచుకోవడానికి కూడా భయమే.

పెరట్లో జీపు ఆగిన చప్పుడైంది.

గొళ్ళెం తీసింది చిన్నాయనే. ఆయన వెనక మా నాయన. మగ్గం దగ్గర నుంచి లేచినవాడు లేచినట్టే వచ్చినట్టున్నాడు. తలలో పట్టుపీచు, భుజం మీద మాసిన తువ్వాలు, రెండు చేతులూ జోడించి ఉన్నాయి. జీపులో దారి పొడవునా ఆ చేతులు అలాగే పెట్టుకుని వచ్చాడేమో అనిపించింది. క్షమించమని అడగడానికి నోరు తెరిచాడు. అప్పుడు నన్ను చూశాడు. చెంపంతా ఎర్రగా, జుట్టు రేగి, చెమటతో.

ఆయన చేతులు విడిపోయాయి.

"ఎవరు కొట్టినారు నా బిడ్డను?"

మా నాయన గొంతు అంత మెత్తగా, అంత భయంకరంగా నేనెప్పుడూ వినలేదు. చిన్నాయన ముఖం ఎత్తి చూశాడు. ఆయన ఎదుట అలా మాట్లాడిన మనిషి ఆ ఊళ్ళో ఉన్నాడో లేడో నాకు తెలియదు. జీపులో వచ్చిన మనుషులు ఒక అడుగు ముందుకు వేశారు.

"నా బిడ్డ తప్పు చేసింటే నన్నడగండి. దండుగ నాకెయ్యండి" అన్నాడు నాయన. "మీ బిడ్డ మొగం మీకెట్లనో, నా బిడ్డ మొగం నాకట్ల. చెయ్యి ఎవరేసినారో ముందు అది చెప్పండి."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. "ఎవరూ కొట్టలేదు నాయనా. నేనే పూసుకున్న్యా. పసుపు. ఉత్త పసుపు. రవంత పుల్లమజ్జిగ తెప్పించండి, చూపిస్తా."

అవ్వ కూడా గొంతు కలిపింది. "నిలబడి చూస్తారేంరా, మజ్జిగ తెండి. ఆ ఆడబిడ్డను దొడ్లోకి తోలుకపోయి సారె సామాన్లు చూపిచ్చండి."

మజ్జిగ వచ్చింది. దూది ముంచి నా చెంప మీద అద్దాను. అద్దిన చోట ఎరుపు విరిగిపోయి పసుపు తేలింది. అందరూ చూస్తుండగానే చెంప చెంపంతా తిరిగి పచ్చగా అయింది. చిన్నాయన వంగి మరీ చూశాడు. నాయన చూసింది చెంప కాదు, నా కళ్ళు. అప్పుడు అవ్వ పక్కకు తప్పుకుంది. పెళ్ళికూతురి నుదురు, చెంపలు, గడ్డం, మెడ, చెవుల వెనక, ఎక్కడా తొందరపడకుండా, దోసకాయ మీద నేర్చుకున్న చేత్తో, అద్ది అద్ది తుడిచాను. ఎరుపంతా పోయి, మామూలు పెళ్ళికూతురి పసుపు ముఖం మిగిలింది. నూగు కూడా పోయింది. అద్దం నేనే ఆమె చేతికిచ్చాను. అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు ఆమె అప్పుడు ఏడ్చింది.

"పసుపు కోసరం ధర్మవరం దాకా జీపు తోలిస్తి చూడు" అన్నాడు చిన్నాయన, ఎటో చూస్తూ. క్షమాపణ ఆయన నోటికి అలవాటు లేదు, ఆ మాటే అనుకోవాలి. నాయన్ను అన్నం తిని పొమ్మన్నాడు. నాయన వద్దన్నాడు. నా పని అయ్యేంతవరకు పెరట్లో గోడ నీడన నిలబడే ఉన్నాడు. కనుబొమలు తీర్చి, ముఖానికి మీగడ పట్టించి నేను లేవబోతే పెళ్ళికూతురు నా కొంగు పట్టుకుంది. "రేపు పొద్దున్నే వచ్చి నువ్వే తయారుచేయల్ల. ఇంగెవరి చెయ్యీ నేను పెట్టనియ్యను." మాటిచ్చే అధికారం నాకెక్కడిది? తల్లి బయటికి వచ్చి నాయనతో కూడా అదే చెప్పింది, పంపించప్పా అని. నాయన అవుననలేదు, కాదనలేదు. జీపులో దింపుతామంటే, "బస్సుండాదిలేమ్మా" అన్నాడు.

బస్సులో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. ఆయన కిటికీలోంచి ఎండిపోయిన శనగచేలు చూస్తున్నాడు. నేను మనసులో మగ్గం గుంటలో దిగి కూర్చున్నాను. షరతు షరతే. ముఖం బాగుపడింది నిజమే, కానీ మాట ఆయన చెవిన పడింది, మాటకన్నా ఎక్కువే పడింది. ఆయన నోటితో అనకముందే నేనే అనేస్తే మర్యాదగా ఉంటుందని రెండుసార్లు గొంతు సవరించుకున్నాను. చాలాసేపటికి ఆయనే అడిగాడు. "ఇంగా మంటుండాదా?"

"లేదు నాయనా."

తలూపి మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు.

మేము వీధిలోకి తిరిగేసరికి పొద్దు వాలుతోంది. మగ్గాలు ఆపి అందరూ అరుగుల మీద ఉన్నారు. మేము రాగానే మాటలు ఆగిపోయాయి. మా ఎదురింటాయన ఉండబట్టలేకపోయాడు. "ఏమప్పా, జీపులో ఎత్తకపోయిరంట? నీ బిడ్డ ఎవరి మొగమో కాల్చిందంట గదా."

నేను తల దించుకుని ఇంట్లోకి పోబోయాను. నాయన ఎప్పుడూ చేసేది అదే కాబట్టి ఆయనా వస్తాడనుకున్నాను. ఆయన రాలేదు. వీధి మధ్యలో నిలబడి, భుజం మీది తువ్వాలు తీసి దులుపుకున్నాడు.

"కాల్లేదు. పెండ్లికూతురు మొగం నా బిడ్డే బాగు చేసినాది. ఆడుండే వాళ్ళెవరికీ చేతకాకపోయె" అన్నాడు, అందరికీ వినబడేట్టు. "మొగాల పని నేర్చుకుంటాంది నా బిడ్డ. రేపు మొదటి బస్సుకు మళ్ళా ఆడికే పోతాది. నేనూ పోతాండా, తోడు." తర్వాత ఇంట్లోకి వచ్చి, చెప్పులు విప్పి, అమ్మతో, "దానికి అన్నం పెట్టు. పొద్దున్నే లేయల్ల" అన్నాడు.